దూదిపోగు

బ్రాడీపేట నాలుగో లైనులో
ఆదివారం మధ్యాహ్నం
నా పాత ఎస్టీమ్ బానెట్ కింద
నాలుగు నోళ్లు నాలుగు రకాలుగా గాలి పీలుస్తున్నాయి.

అవి దాని సొంత నోళ్లు కావు.
ఏదో పెద్ద బైకు పోయాక
బెజవాడ ఆటోనగర్‌లో గోనెపట్టా మీద పడున్న వరస.
బేరమాడి, పాత చొక్కాలో చుట్టి
ప్యాసింజర్ బండిలో ఒళ్లో పెట్టుకొని తెచ్చాను.
ఒక్కో సిలిండరుకి ఒక్కో గొంతు,
ఒక్కో గొంతులో పాత రూపాయి బిళ్లంత ఇత్తడి తలుపు.
ఒక్క తలుపు వెంట్రుకవాసి ఎక్కువ తెరుచుకుంటే చాలు
బండి మొత్తానికి చలిజ్వరం.

కెజియా కొత్తపేటలో నర్సు.
"గొట్టాలా? ఎన్ని?" అంది.
గడువు దాటిన సెలైన్ సెట్లు నాలుగు
క్యారేజీ సంచిలో వేసుకొచ్చింది.
చెక్కకి మేకులు కొట్టి నిలువునా కట్టాను.
కింద సీసాలో పవర్ స్టీరింగులో పోసే ఎర్రనూనె.
ఎదురింటి పేరిందేవిగారు బాల్కనీలోంచి వంగి
"ఎవరికమ్మా రక్తం ఎక్కిస్తున్నారు?" అని బెంగపడిపోయింది.

మొదటిసారి సీసాకి మూత బిగించలేదు.
తాళం తిప్పీ తిప్పగానే ఇంజను
నాలుగు గొట్టాల నూనె నాలుగు గుక్కల్లో తాగేసి
లైను చివరిదాకా తెల్లటి పొగ వదిలింది.
దోమల మందనుకొని పిల్లలు పరిగెత్తుకొచ్చారు.
సోడాబండి పక్క లైనుకి వెళ్లిపోయింది.

రెండోసారి మూత చుట్టూ ఎంసీల్ మెత్తాం.
గొట్టాల మీది చక్రాలు బొటనవేలితో నొక్కి
చుక్కలు లెక్కపెట్టే అలవాటుతో
ఎగిరెగిరిపడే నూనెని కెజియా నిదానపరిచింది.
ఎర్రగీతలు నిలబడ్డాయి.
ఒకటి, రెండు, నాలుగు భుజాలు కలిపి.
మూడోది మాత్రం కిందే,
బడికి రానని చతికిలబడ్డ పిల్లాడిలా.

స్క్రూ తిప్పాను. మూడు లేచింది, నాలుగు పడింది.
నాలుగుని సర్దితే రెండు అలిగింది.
రెండుని బుజ్జగిస్తే మళ్లీ మూడు.
ఎండ గోడ దాటింది. స్క్రూ తల అరిగింది.

నల్లపాడు రోడ్డు నాగుల్‌మీరాకి ఫోను చేసి
ఇంజను దగ్గర పెట్టాను.
కాసేపు విన్నాడు.
"మరల్ని హింసపెట్టమాకు అబ్బాయ్.
దొంగగాలొస్తంది. దొంగని పట్టుకో" అని
పెట్టేశాడు.

ఎక్కడని వెతకను?
చెవి పెడితే అన్నిచోట్లా ఈలే.

కెజియా లోపలికెళ్లి దూది తెచ్చింది.
చిటికెడు తుంచి, సన్నగా పోగు లాగి
రెండువేళ్ల మధ్య వేలాడేసి
మూడో గొంతు చుట్టూ మెల్లగా తిప్పింది.

తెల్లవారుజామున, వార్డులో,
మానిటరు లేని మంచం దగ్గర
డాక్టరు వచ్చేలోపు
ముక్కుకింద పట్టుకునే దూది అది.
కదులు, కదులు అనుకుంటూ చూస్తానని
ఎప్పుడో ఒకసారి చెప్పింది, పప్పన్నం కలుపుతూ.
మళ్లీ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

రబ్బరు మెడ అడుగున, కంటికి ఆనని చోట
పోగు ఉలిక్కిపడి లోపలికి వంగింది.
"కదిలింది" అంది.
నేను ఇంజను ఆపేశాను.
ఆమె ఇంకా పోగు వంకే చూస్తోంది.

గోరంత పగులు.
కొత్త రబ్బరు ఎప్పుడో ఆటోనగర్ వెళ్లినప్పుడు,
ఇవాళ్టికి సైకిల్ ట్యూబు ముక్క, పైన ఇనప పట్టీ.
మళ్లీ తాళం.
మూడో గీత ఏమీ ఎరగనట్టు లేచొచ్చి వరసలో నిలబడింది.
నాలుగోది ఇంకా కాస్త వణుకుతోంది.
ఉండనీ అన్నాను.

రేపటి యార్డు కోసం మిరపబస్తాల లారీ ఒకటి
దారి తప్పి మా లైనులోకి దూరింది.
ఆ ఘాటుని నాలుగు గొంతులూ ఒక్కసారే పీల్చాయి,
ఒక్కటీ తడబడలేదు.
తుమ్మింది మేమిద్దరమే,
ఆమె నైట్ డ్యూటీకి జడ వేసుకుంటూ
నేను జిడ్డుచేతుల్తో ముక్కు తుడుచుకోలేక.